దిగుడు పాఠం

ఎక్కడం ఎప్పుడో వచ్చేసింది నాకు.
దిగడమే రాలేదు.

సెమోంకాంగ్ పైన, నల్లరాతి వాలు మీద
మడమలు ముందుకు తన్ని
వీపు వెనక్కి వాల్చి
కొండని బతిమాలుకుంటూ పరుగెత్తేవాణ్ణి.
ప్రతి అడుగూ ఒక బ్రేకు,
ప్రతి బ్రేకూ మోకాలి చిప్పలో ఒక మేకు.

సెఖోన్యానా నవ్వేవాడు.
పదమూడేళ్ళ గొర్రెల కాపరి,
భుజాన ఉన్ని దుప్పటి, దాన్ని పట్టి ఉంచే పెద్ద పిన్నీసు,
పాదాలు మాత్రం ఖాళీ.
వాడు దిగినట్టు రాళ్ళకి కూడా తెలిసేది కాదు.

"మెట్లు దిగినట్టు దిగకండి మాస్టారూ.
మోకాళ్ళు కాస్త వదలండి.
చిన్న చిన్న అడుగులు, బోలెడన్ని.
కింద పెట్టకముందే ఎత్తెయ్యాలి."

పెట్టకుండా ఎత్తడం ఎలాగో చెప్పలేదు.
తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం వెళ్ళిపోయాడు.

రాత్రి కాపరుల బడిలో
కిరసనాయిలు దీపం పక్కన
తన పేరు రాస్తూ వాడు
మూడో పెన్సిలు మొన విరిచాడు.
"అంత నొక్కకురా, కాగితం ఎక్కడికీ పారిపోదు" అన్నాను.
వాడు తల తిప్పి
వాచిన నా మడమల వైపు చూశాడు.
ఏమీ అనలేదు, దొంగ.

మర్నాడు వడగళ్ళ మబ్బు తరుముకొచ్చింది.
ఆలోచించే వ్యవధి లేదు.
నడుముని వాలుకి అప్పగించాను.
వేళ్ళు విచ్చుకున్నాయి.
పాదం ఒక రాయిని అడిగి, జవాబు వినకుండానే
పక్క రాయిని అడిగింది.
గడ్డి, గరుకు, తడి, ముల్లు, అబ్బా, మళ్ళీ గడ్డి.

వాగు దగ్గర ఆగి చూసుకుంటే
అరికాల్లో ఆ ఒక్క ముల్లే.
మోకాళ్ళున్న సంగతే గుర్తు రాలేదు.

వాడింకా నొక్కే రాస్తున్నాడు.
నిన్నటితో నాలుగో పెన్సిలు.