నేలకు జానెడు మీద

కొత్తవాడ సంఘం హాల్ల,
మగ్గం గుంతల ముప్పై ఏండ్లు తొక్కిన కాళ్ళు
మడిచి కూసున్న.

"వీపు నేలకు తాకాల్నని ఎవలు చెప్పిండ్రు?"
అన్నది నుస్రత్ మేడం.
నా ఎనుక జంపఖానాలు మడతేసి పేర్చింది.
మూడు.
నాలుగోది నేనే అడిగిన.

తొడ గుంజితే ఓర్వచ్చు,
మోకాలు కలుక్కుమంటే లేవాలె.
పోగు తెగే ముందు
చేతికి ఎరుకైతది గదా, గట్లనే.

పక్కన బుచ్చిలింగం
పంతానికి ఉత్త బండల మీదనే వాలి
అబ్బా అన్నడు.

మోచేతులాన్చి, మెల్లగ
ఒరిగిన.
మెడ కింద ఎర్రంచు తగిలింది.
నా నేతే.
అండ్ల తప్పిన పోగు సుత నాదే.

ఎన్ని నేసిన, ఎన్ని మోసిన,
ఒక్కనాడన్న
మీద పండలే.