క్రియ రాకముందే

మక్తల్ హైస్కూల్, తొమ్మిది బి,
మధ్యాహ్నం అన్నం తర్వాతి పీరియడ్.
సగం మందికి కండ్లు మూతలు పడుతున్నయి.
బోర్డు మీద రాసిన:
పని ముందు, కారణం తర్వాత,
నడుమ బికాజ్.
జరిగిపోయిన పనికి జరిగిపోయిన కారణం.
గ్రామర్ పుస్తకంల ఒక రాజు ఏడ్చిండు
బికాజ్ కిరీటం పోయింది.
మా మండలంల కిరీటం ఎవరికీ లేదు గనుక
మీ సంగతులే రాయుండ్రి అన్న.

తాయప్ప లేచి చదివిండు:
ఐ కేమ్ లేట్ బికాజ్ ద బస్ కేమ్ ఎర్లీ.
క్లాసంతా నవ్విండ్రు.
ఎర్ర పెన్ను మూత తీసి మళ్లీ పెట్టిన.
తప్పెక్కడుంది?
వాళ్ల ఊరికున్న ఆ ఒక్క బస్సు
పది నిమిషాలు ముందు పోతే
వాడు రెండు గంటలు ఆలస్యమైనట్టే.

ఉసేనప్ప రాసిండు:
ఐ డిడ్ నాట్ డూ హోంవర్క్ బికాజ్ ఐ డిడ్ నాట్ డూ.
ఇంత నిజం నేను హెడ్మాస్టరుకు
ఒక్క లీవు లెటర్ల గూడ రాయలే.

మూడో బెంచీల శివలీల నోట్సు:
మై ఫాదర్ వెంట్ టు రాయచూర్ బికాజ్
అంతే. చుక్క గూడ పెట్టలే.
ఏమ్మా, సగంల ఆపినవ్?
"సార్, బికాజ్ అంటే ఎందుకంటే అనే గద?"
అవును.
"ఎందుకంటే అనాలంటే ముందుగాల
ఎవరన్న ఎందుకని అడగాలె గద సార్.
మమ్ముల ఎవరడిగిండ్రు?"

ఇరవై రెండేండ్ల సంది
ఈ మాటకు అర్థం చెప్పుకుంటనే జీతం తీసుకున్న.
ఎందుకు, దాని పక్కన అంటే.
ఆ సందుల ఒక అడిగే మనిషి కూసున్నడని
ఇయ్యాల్టి దాక చూడలే.
ఇంగ్లీషోడు అడగకముందే చెప్పుకుంటడు,
కోర్టుల నిలబడ్డట్టు.
మనం ఎవరన్న అడిగేదాక
మూట విప్పం.

సరే, నేను అడుగుతున్న. ఎందుకు పోయిండు?
ఇంగ్లీషుల వద్దులే, మన మాటల చెప్పు.

బల్ల అంచు పట్టుకొని మొదలుపెట్టింది:
"మా నాయన దర్జీ సార్, సంత బజార్ల
మెట్ల కింద మిషిను,
బజార్ల మూడు రెడీమేడ్ షాపులు పడి,
పండుగకు గూడ ఎవరూ బట్ట తేక,
బడి డ్రస్సులన్న వస్తయేమో అని చూస్తే
ఈ ఏడు అవి గూడ వేరే ఊరోళ్లకు పోయి,
మిషిను బెల్టు తెగి,
బెల్టుకని దాసిన పైసలు
తమ్ముని కంటి అద్దాలకు అయిపోయి,
మా అమ్మతోని లొల్లి పెట్టుకొని,
కాదు, లొల్లి గాదు సార్,
మాట్లాడుడే బంజేసి,
రాయచూర్ల ప్యాంట్ల కంపెనీ ఉన్నదని
దోస్తు చెప్తే ఇని,
ఒకనాడు పొద్దుగాల
పెద్ద కత్తెరకు నూనె పెట్టి తుడిసి,
గుడ్డల చుట్టి,
ఇది దాయి బిడ్డా అని నాకిచ్చి..."

గంట కొట్టిండ్రు.
తర్వాతిది ఆటల పీరియడ్,
వాలీబాల్ కోసం అందరూ ఉరికిండ్రు.
మాట సగంల ఇడిసి
శివలీల గూడ ఉరికింది, జడ ముడేసుకుంట.

క్రియ ఇంకా రాలే.
మన వాక్యంల అది అందరు కూసున్నంక
వచ్చే మనిషి.
ఇంగ్లీషుల మూడో మాటకే
వాళ్ల నాయన కృష్ణా బ్రిడ్జి దాటిండు.
తెలుగుల ఇంకా గడప కాడ్నే ఉన్నడు,
ఒక చెప్పు తొడుక్కొని
రెండోది ఎతుక్కుంట.

సాయంత్రం స్టాఫ్ రూంల ఎవరూ లేరు.
ఫ్యాను కింద నోట్సుల కట్ట,
పైన శివలీలది.
ఎన్ని మార్కులు ఎయ్యాల్నో తెల్వక
రఫ్ కాయితం మీద నా వాక్యం నేను రాసుకున్న:
ఐ బాట్ త్రీ షర్ట్స్ ఇన్ మహబూబ్‌నగర్ బికాజ్

పెన్ను అక్కడ ఆగింది.
చెయ్యి మెడ ఎనుకకు పోయింది.
కాలరు లోపల కంపెనీ పేరు
పొద్దటి సంది గుచ్చుతున్నది.