ఇతరములు

పొద్దున ఆరున్నర.
ఆదోని పత్తి మార్కెట్ ఇంకా తలుపు తీయలేదు.
యాప్ అడుగుతోంది: ఎంత ఎత్తు? ఎంత దూరం? ఎంత వేగం?
ఫోన్ మీద వేలితో నీళ్ల ట్యాంకు చుట్టూ గీస్తాను,
అమ్మ జాకెట్ గుడ్డ మీద సుద్దముక్కతో గీసినట్టు,
కొలత కంటే కాస్త ఎక్కువే వదిలి.
తప్పు కుట్టయితే విప్పొచ్చు.
రెక్క గోడకు తగిలితే విప్పడానికేం మిగలదు.

ఫోటో మీద ఫోటో డెబ్బై పాళ్లు కప్పాలి,
బొంతలో పాతచీర మీద పాతచీర పడినట్టు.
నాలుగు వరసలు, మూడు వందల పన్నెండు బొమ్మలు,
బ్యాటరీలు మూడే.
పడమటి గాలి. ఇంకో గంటాగితే మాట వినదు.

వాచ్‌మన్ మద్దిలేటి బీడీ ఆర్పి లేచొచ్చాడు.
"ఏందమ్మే అది, తేనెటీగ మాదిరి?"
"ట్యాంకు యాడన్నా బీట్లిచ్చిందేమో చూసేది, పెద్దాయనా."
"నిచ్చెన ఉండాది గదా, ఎక్కి చూడు."
నిచ్చెనకు మూడో మెట్టు నుంచీ తుప్పే.
ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే నవ్వాడు.

లేచింది.
నేల మీది దుమ్ము గుండ్రంగా పక్కకు జరిగింది.
కుక్క తలెత్తి, మొరగాలా వద్దా అని ఆలోచించి, పడుకుంది.
ఇక నేను చేసేదేం లేదు.
గీసిన దారిన అదే పోతుంది, ఆగుతుంది, చూస్తుంది, పోతుంది.
నా బొటనవేళ్లు మాత్రం రిమోటు మీదే,
బస్సులో డ్రైవరు పక్కన కూర్చున్నోడి కాలు
లేని బ్రేకు తొక్కినట్టు.

తెర మీదికి కాంక్రీటు వస్తోంది, దగ్గరగా,
కిందినుంచి ఎవరికీ కనపడని చోట్లన్నీ.
రంగు ఊడిన పెచ్చు. పావురం రెట్ట.
ఎవరి గాలిపటానిదో తెగిన దారం.
ఉత్తరం వైపు స్తంభానికి వెంట్రుకంత బీట,
పైనుంచి కిందికి రెండు మూరలు.
ఇది నిజం బీట. ఎర్ర చుక్క పెట్టాను.

నూట తొంభై నాలుగో బొమ్మ.
ట్యాంకు కడుపు కింద, దూలం పక్కన,
ఐదు గుంతలు.
పెద్దది చేసి చూశాను.
గుంతలు కాదు, వేళ్లు.
పచ్చి సిమెంటులో దిగిన అరచేయి.
చిటికెన వేలు సగమే ఉంది.

"ఏం కనపడిందమ్మే?" అని మద్దిలేటి వంగాడు,
తెర మీద పడే ఎండకు చెయ్యి అడ్డం పెట్టాడు.
ఆ చేతికి
చిటికెన వేలు సగమే ఉంది.

చాలాసేపు చూశాడు.
"వేలు ముందే పోయింది, జిన్నింగు మిల్లులో.
ఇది ఆ తర్వాత.
పరంజా కట్టె జారిందిమ్మే. ఇద్దరం ఉన్న్యాము.
ఒక చేతికి కమ్మి దొరికింది, ఇంకో చెయ్యి పచ్చి గోడలో దిగబడింది.
ఉరుకుందుకు ఏమీ దొరకల్యా."
ఆగాడు.
"మేస్త్రీ ఆ గుంతలు పూడ్చమన్యాడు.
పూడ్చినానని చెప్పినా."

బ్యాటరీ అయిపోతోందని ఫోన్ కూసింది.
డ్రోన్ తన పాటికి తను దిగొచ్చింది.
మద్దిలేటి పైకి చూడలేదు.
నీళ్లు వదిలే టైమైందని వాల్వు దగ్గరికి పోయాడు,
రెండు చేతులతో చక్రం తిప్పాడు.
పైపులో ఏదో గొంతు సవరించుకున్నట్టయింది.

యాప్ అడుగుతోంది: ఈ లోపం ఏ రకం?
బీట. పెచ్చు. తడి. తుప్పు. ఇతరములు.
ఇతరములు నొక్కాను.
తీవ్రత ఎంత?
తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. నాలుగో గడి లేదు.
ఏదో ఒకటి నొక్కందే ముందుకు పోనివ్వదు, నొక్కాను.
ఏది నొక్కానో చెప్పను.
రిమార్కు తప్పనిసరి, రెండు వందల అక్షరాల దాకా రాయొచ్చంది.
'పూడ్చరాదు' అని రాశాను.

రెక్కకు చుట్టుకున్న పత్తి పోగు ఊడదీసి
మూడో బ్యాటరీ ఎక్కించాను.
పై వరస ఇంకా మిగిలే ఉంది.