చల్లారేదాకా

బరగాన్ మైదానంలో నవంబరు పొద్దు.
మంచు ఇంకా మొక్కజొన్న మోళ్ల మీదే ఉంది.
పాంతెలిమోన్ తాత ముందు ట్రాక్టర్ వంక చూడనే లేదు.
మూత పైకెత్తి, అరచెయ్యి ఇంజన్ మీద ఆనించాడు,
జ్వరం పడ్డ పిల్లాడి నుదురు చూసినట్టు.
"వెచ్చగా ఉంది."
అమ్మే మనిషి ఆకిమ్ టోపీ సర్దుకున్నాడు.

తాతకి వినబడదు.
ముప్పై ఏళ్లు యంత్రాల డిపోలో పనిచేసి
చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు.
అందుకే రహస్యం కూడా ఊరంతా వినేట్టు చెబుతాడు:
"మనం వస్తున్నామని తెల్లారే తిప్పి ఉంచాడు.
వేడి మీదున్న ఇంజన్ ఎవరి మాటైనా వింటుంది.
చలికి బిగుసుకున్నాక లేస్తుందా, అదీ చూడాల్సింది.
కూర్చో వెతూరియా. చల్లారనీ."

ఇటుకల మీద గోనె పరుచుకుని కూర్చున్నాం.
నా సంచిలో రొట్టె, ఉల్లిపాయ, ఉప్పేసిన పంది కొవ్వు.
కోటు లోపల కుట్టుకున్న జేబులో
రెండు దూడల్ని అమ్మిన డబ్బు.
అది మాటిమాటికీ తడుముకోవద్దని తాత రెండుసార్లు కసిరాడు,
అదీ ఊరంతా వినేట్టే.

తింటూనే కత్తి మొనతో చూపించాడు:
"ఒంటి మీద రంగంతా పాతది.
హెడ్డు అంచున వేలెడు మేర కొత్తది.
సంతకి తోలే ముందు గొడ్డుకి నూనె రాస్తారే, అలాంటిది.
దాని కింద ఆయిల్ చెమట పడుతూ ఉంటుంది.
గంటల మీటరు నాలుగు వేల దగ్గర నిద్రపోయింది,
దాన్ని లేపకు. క్లచ్ పెడల్ని అడుగు.
ఇనప గళ్లు అరిగి అద్దంలా అయ్యాయి, చూశావా?"

ఎత్తిపెట్టి ఉంది నాగలి,
దర్జాగా, మా కోసమే.
రెండో రొట్టె ముక్కకి జానెడు దిగింది.
మూడో ముక్కకి గడ్డిని తాకింది.
ముగ్గురం చూశాం. ఎవరం ఏమీ అనలేదు.

నేనే లేచి ఆయిల్ పుల్ల లాగాను.
నలుపు. నలుపైతే పర్లేదు.
పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే
బేరం మాటెత్తకుండా ఇంటిదారి పట్టమని
దారిలోనే చెప్పాడు తాత.

పొద్దు వాలుతుండగా మళ్లీ అరచెయ్యి. తలూపాడు.
ఆకిమ్ ఎక్కి కూర్చున్నాడు.
మొదటిసారి గురక. రెండోసారి దగ్గు.
మూడోసారి తెల్లటి పొగ తన్నుకొచ్చి
కోళ్లు చెల్లాచెదురయ్యాయి.
తెలుపు పోయి నీలం మిగిలింది.
నీలం పలచబడింది గానీ, పూర్తిగా పోలేదు.

తాత జేబులోంచి బారెడు చెక్కపుల్ల తీసి
ఒక కొస ఇంజన్ మీద ఆనించి
రెండో కొస పళ్ల మధ్య కరిచి, కళ్లు మూసుకున్నాడు.
దవడ ఎముక గుండా లోపలికి ఏం వెళ్లిందో గానీ,
ఎన్నేళ్లకో పేరుపెట్టి ఎవరో పిలిచినట్టు
ఆ మొహం.
"నాలుగూ పలుకుతున్నాయి," పుల్ల వదలకుండానే అన్నాడు,
"రెండోది కాస్త అలిసిపోయింది."

ఇక అయిపోయిందనుకున్నాను.
తాత ట్రాక్టర్ని వదిలేసి
ఆకిమ్ పంట్లాం వంక చూస్తున్నాడు.
కుడి మోకాలి లోపలివైపు అతుకు,
అతుకు మీద ఇంకో అతుకు.
ఎడమ మోకాలు కొత్తగా ఉంది.
"మూడో గేరు జారిపోతుంది కదూ?"

ఆకిమ్ తన మోకాలిని
మోసం చేసిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.
అప్పుడు నవ్వొచ్చింది అతనికి.
"పదకొండేళ్లయింది. దున్నుతున్నంతసేపూ
కాలితో అదిమిపట్టాలి. కుట్టలేక మా ఆవిడ
సూది నా చేతికే ఇచ్చేసింది."
ఆ తర్వాత అడగనివి కూడా చెప్పుకొచ్చాడు:
ఎడమ బ్రేకు ఒక్కటే పడుతుందనీ,
బ్యాటరీ పెట్టెని తంతే గానీ దీపం వెలగదనీ,
వానాకాలం బురదలో మాత్రం
ఒక్కసారీ తనని నడిపించి ఇంటికి పంపలేదనీ.
పదిహేను వందల లెయ్ తనే తగ్గించాడు.
ఇంకో మూడొందలు నేను తగ్గించాను.

కాగితం మీద సంతకాలయ్యేసరికి చీకటి పడింది.
ఆకిమ్ అలవాటుగా వంగి
రేడియేటర్ కుళాయి తిప్పాడు,
రాత్రి గడ్డకట్టి ఇంజన్ దిమ్మ పగలకుండా.
వేడినీళ్లు పొగలు కక్కుతూ
అతని బూట్ల మధ్యనుంచి పారాయి.
సగంలో గుర్తొచ్చింది: అది తనది కాదు,
పద్నాలుగు కిలోమీటర్లు నేను తోలుకెళ్లాలి.
చెయ్యి కుళాయి మీదే ఆగిపోయింది.

"పోనీలే," అన్నాను.
"బకెట్ ఎక్కడుంది?"