పాదం: ఎవరిదో తెలియదు

నలభై ఏళ్ళకి పార్సిలొచ్చింది రాయగడకి.
నూట ఎనభై గ్రాముల నల్లటి పళ్ళెం,
మూడువేల రెండొందలు.
ఇంత పోసి కొన్నావా అని మా ఆవిడ అడగలేదు.
అట్ట మీది మొహం చూసి
"దండసేన బాబు కదూ,
మన పెళ్ళిలో పులిహోర మూడుసార్లు వేయించుకున్నాడు" అంది.

దాన్ని తిప్పే యంత్రం మా ఇంట్లో లేదు.
నాకు తెలిసి ఊళ్ళో ఒక్కటే,
పళ్ళ డాక్టరు సాహు గారి మేడ మీద.
ఆదివారం రమ్మన్నారు, పేషెంట్లుండరని.

మేం నలుగురం. బాండు పేరు నాలుగో షిఫ్టు.
కాగితం మిల్లుకి ఉండేవి మూడే.
బీ షిఫ్టు దిగి, ఇన్‌స్టిట్యూట్ హాల్లో బల్లలు జరిపి
తెల్లారేదాకా మేం చేసేది నాలుగోది.
ఒంటి నిండా గుజ్జు వాసన,
కుళ్ళిన క్యాబేజీ వాసన, అంటే జీతం వాసన.
అనాది గిటారు. నేను డ్రమ్ములు.
ఒడియాలో బయల్దేరిన పాట తెలుగులో మలుపు తిరిగి
ఇంగ్లీషులో గోడకి గుద్దుకునేది.

ఎనభై అయిదులో వాడు విడిగా చేస్తానన్నాడు.
"సోలోరా కూర్మా. డ్రమ్ములొద్దు."
వేరు కాపురం పెడతానని తమ్ముడు చెప్పినట్టు
మెల్లగా, అన్నం ముందు కూచోబెట్టి చెప్పాడు.
నేను తిన్నాను. ఏటి సేస్తాను.
చెయ్యి కడుక్కుంటుంటే అడిగాడు,
"రీళ్ళ గోడౌను తాళం నీ దగ్గరే కదా?"

అదీ సంగతి.
మనిషెత్తు కాగితం చుట్టలు బారులు తీరి
ప్రతిధ్వనిని మింగేసే చోటు
మా ఎరికలో అదొక్కటే.
ఏడు రాత్రులు తాళం తీశాను.
తీసినవాడే వెయ్యాలి కదా, అందుకని కూచున్నాను,
విరిగిన చెక్కపెట్టె మీద,
రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టి.
చేతుల గురించే ఆలోచించాను.

క్యాసెట్లు మూడొందలు.
పైన ఒడియాలో "ఏకా". ఒక్కడే, అని.
వెనక కృతజ్ఞతల్లో మిల్లు మేనేజరు, వాళ్ళమ్మ,
టేపు రికార్డరు అరువిచ్చిన బరంపురం మేనమామ.
తాళంచెవి పేరు ఎవరేస్తారు?
తర్వాత ఇరవయ్యేళ్ళు మేం మాట్లాడుకోలేదంటే
దానికే కాదు. దానిక్కూడా.
పోయినప్పుడు వెళ్ళాను.
మాట్లాడక్కర్లేదు కాబట్టి.

సాహు గారు సూది దించారు,
పుచ్చిన పన్ను ముట్టుకున్నంత జాగ్రత్తగా.
కలకత్తా కుర్రాళ్ళు బాగానే కడిగారు.
టేపు బుస పోయింది. మిల్లు హోరు పోయింది.
అంతా కడిగాక అడుగున, గచ్చు మీద
టక్. టక్.
గిటారు కంటే వెంట్రుకవాసి ముందు.

అట్టలోపలి కాగితం సాహు గారు పైకి చదివారు:
గిటారు, గొంతు, అనాది దండసేన.
పాదం, ఎవరిదో తెలియదు.
"ఎవరో చెప్పుతో కొట్టినట్టుంది కదండీ."
చెప్పు కాదు. మిల్లు బూటు, ఎనిమిదో నంబరు.
అనలేదు.

రెండో పక్క చివర
పాత క్యాసెట్లో లేనిదొకటి చేర్చారు,
కుదరక వదిలేసిన పాట.
మధ్యలో ఆగి వాడంటాడు
(కలకత్తావాళ్ళకి తెలుగు రాదు, "అస్పష్టం" అని వేశారు)
"కూర్మా, ఆ కాలాపరా."
తర్వాత గిటారు ఒక్కర్తే,
మంద తప్పిన మేకలా అటో నాలుగడుగులు, ఇటో నాలుగు.
దగ్గు.
"సర్లే. ఆపకు."

ఆ కాలికిప్పుడు రెండు వేళ్ళు లేవు. షుగరు.
ఈ మేడమెట్లు కూడా పక్కవాటుగా ఎక్కాను.
టీ తేవడానికి ఆయన లోపలికెళ్ళినప్పుడు
కిందికి చూసుకున్నాను.
చెప్పులోంచి బయటికొచ్చి మిగతా మూడూ
నన్నడక్కుండానే, గచ్చు మీద,
ఇప్పటికీ
వెంట్రుకవాసి ముందే.