కుర్చీ తెచ్చుకోండి

ఏమీ తేవద్దు, తలా ఒక కుర్చీ తెచ్చుకోండి
అని రాశాను అందరికీ.
ఇంట్లో ఉన్నవి రెండే.
అందులో ఒకటి, ఎవరు కూర్చున్నా
చాడీలు చెబుతున్నట్టు కిర్రుమంటుంది.

సండర్లాండ్‌లో క్రిస్మస్ రోజు
బస్సు లేదు, మెట్రో లేదు,
పాల సీసా కొందామంటే తెరిచిన కొట్టు లేదు.
ఊరంతా తలుపులు వేసుకుని
ఒకే వాసనలో ఉడుకుతోంది.

నా వంటింట్లోనే వాసనలకి పొత్తు కుదరలేదు.
ఓవెన్‌లో పట్టని టర్కీని రెండుగా కోసి
ఒక సగం వీళ్ళ పద్ధతిలో, వెన్నా ఆకులూ కూరి,
ఇంకో సగం మా ఒంగోలు మేనత్త పద్ధతిలో
అల్లం వెల్లుల్లి దట్టించి.
క్రాన్‌బెర్రీలు ఉడికి పగులుతుంటే
గోంగూరకి దూరపు చుట్టాల్లా కనిపించాయి,
ఎండుమిర్చి తాలింపు పెట్టేశాను.
బొమ్మల పెళ్ళిలో వడ్డించే క్యాబేజీల్లాంటి స్ప్రౌట్స్‌కి
కాస్త సెనగపప్పు తగిలించాను.

పన్నెండున్నరకి కిటికీలోంచి చూద్దును కదా,
ఎత్తురోడ్డు మీద కుర్చీలు నడిచి వస్తున్నాయి.

ముందు మారెక్.
ఏడాదంతా బస్సు నడిపేవాడు
ఇవాళ తనే నడుస్తున్నాడు,
తోట కుర్చీని గొడుగులా నెత్తిన బోర్లించుకుని.
వెనక ఇఫియోమా, రాత్రి డ్యూటీ దిగి పడుకోకుండానే,
చక్రాల కుర్చీని తోసుకుంటూ.
గతుకు తగిలినప్పుడల్లా అది
మళ్ళీ ఆసుపత్రికే పోతానని వెనక్కి జారుతోంది.
ఆదోని నసీమా చంకలో పిల్లాడు,
వాడి చేతిలో వాడి బుల్లి ప్లాస్టిక్ కుర్చీ.
తనది మర్చిపోయింది.

అందరికన్నా చివర, పక్కింటి హెడ్లీ గారు.
నాలుగడుగుల దూరానికి టై కట్టుకుని
రెండుసార్లు తిరిగారు.
రెండు కుర్చీలు. ఆకుపచ్చ మెత్తలు, ఒకే జత.
ఇంకెవరైనా వస్తున్నారా అని అడగబోయి
నాలిక కరుచుకున్నాను.
మోరీన్ పోయింది మొన్న మార్చిలోనే.

ఇస్త్రీ బల్లని టేబుల్‌కి ఆనించి
పైన దుప్పటి పరిచేసరికి
బంతి కుదిరింది.
టప్ టప్‌మని క్రాకర్లు లాగాం.
కాగితం కిరీటాలు, చీటీలో ఒక జోకు.
మారెక్ చదివాడు, ఇఫియోమా వివరించింది,
నసీమా నాకు తెలుగులో చెప్పింది.
అప్పటికీ నవ్వు రాలేదు.
నవ్వు రాలేదని నవ్వుకున్నాం.

నేను వడ్డిస్తూనే ఉన్నాను.
చాలన్నవాళ్ళకి చారెడు,
వద్దన్నవాళ్ళకి గరిటెడు.
మా ఇళ్ళలో వద్దంటే ఇంకొంచెం అని
హెడ్లీ గారికి ఎవరూ చెప్పలేదు పాపం,
చెయ్యి అడ్డం పెట్టారు,
చేతి మీదే పోశాను గ్రేవీ.

"మరి నువ్వెప్పుడు తింటావు?"
"తర్వాత."
అది నేను అనుకుని అన్న మాట కాదు,
మా అమ్మ ఇచ్చిన గరిటెతో పాటు వచ్చిన మాట.

ఆయన చెయ్యి తుడుచుకున్నారు, నిదానంగా,
వేలు వేలూ.
"మోరీన్ కూడా అదే అనేది.
నలభై ఒక్క క్రిస్మస్‌లు.
తను కూర్చునేసరికి నా పళ్ళెం ఖాళీ.
ఒక్కసారీ ఆగలేదు నేను."
రెండో కుర్చీని కాలితో ఇటు నెట్టారు.

కూర్చున్నాను.
మెత్త ఒకవైపు కొంచెం పల్లంగా ఉంది.
ఫోర్కులు గాల్లో పట్టుకుని
అందరూ ఆగారు, నేను ముద్ద నోట్లో పెట్టేదాకా.
సిగ్గేసింది.
మేనత్త సగంలో ఉప్పు లేదని అప్పుడు తెలిసింది.
ఒక్కరూ చెప్పలేదు, దొంగలు.

నాలుగింటికే చీకటి.
పెరుగు డబ్బాల్లో మిగిలినవి సర్ది ఇచ్చాను.
హెడ్లీ గారు సింకు దగ్గర గిన్నెలు తుడుస్తూ
ఏ గిన్నె ఎక్కడ అని అడుగుతున్నారు.
కిటికీలోంచి చూస్తే, కింద బస్టాపులో
కుర్చీలు దించారు వాళ్ళు, ఆయాసమొచ్చిందేమో,
ఒకదాని వెనక ఒకటి వేసుకుని
కిరీటాలు తియ్యకుండా కూర్చున్నారు.
బుల్లి కుర్చీ అన్నిటికన్నా ముందు.
పిల్లాడు స్టీరింగు తిప్పుతున్నాడు.
వెనక సీట్లో మారెక్
కళ్ళు మూసుకున్నాడు.