అక్షరానికి ఒక అణా

మా తాత లెక్కల పుస్తకంలో ఉంది
వాళ్ళ చరిత్ర.
అక్షరానికి ఒక అణా.
తోకున్న అక్షరానికి అణాన్నర.

నోటుపుస్తకంతో వచ్చిన కుర్రాడికి ఇంతే చెప్పాను.
మొదట ఎప్పుడొచ్చారు, పెద్దలెవరు, ఎంతమంది –
నాకేం తెలుసు బాబూ,
వంటగట్లకి గ్రానైట్ కోసుకునేదాన్ని.
మిషను ఆపి, చేతులు తుడుచుకుని
పుస్తకం అతని ముందు పెట్టాను.

గుడి అంటే పగడాల వీధిలో ఒక మేడగది.
కింద ఎండుమిరపకాయల గోడౌను.
ప్రార్థనలో అందరికీ కళ్ళనీళ్ళొచ్చేవట,
భక్తో ఘాటో
ఎవరూ తేల్చలేదు.

వాళ్ళ ముత్తాతలు ఓడల్లో పగడాలు తెచ్చి
మన కృష్ణ ఒడ్డు రవ్వలు మూటగట్టుకుపోయినవాళ్ళు.
రవ్వలైపోయాయి. ఓడలు దారి మార్చుకున్నాయి.
మిగిలినవాళ్ళలో ఒకరు కళ్ళద్దాలు అమ్మారు,
ఒకరు చర్చీల్లో పియానోలు బాగుచేశారు,
మొర్దెకై దొర హార్బరులో గుమాస్తా.
దొర అన్నది తాత మాట. ఆయన చెప్పులకి అతుకులుండేవి.

పదిమంది మగవాళ్ళు కూడకపోతే
కొన్ని మాటలు దేవుడికి చెప్పకూడదట వాళ్ళలో.
మనకి మోయడానికి నలుగురు చాలు.
వాళ్ళకి నోరు విప్పడానికే పదిమంది.

తొమ్మిదిమంది కూర్చుని
మెట్లవైపు చూసిన శనివారాలెన్నో.
శనివారం వాళ్ళు డబ్బు ముట్టరని తెలిసీ
బాకీ వంకతో వెళ్ళి గడపలో నిలబడేవాడు తాత.
"నన్ను కలుపుకోండి సామీ, పదవుతుంది" అన్నాడట ఒకసారి.
మొర్దెకై దొర నవ్వలేదు.
"దేవుణ్ణే లెక్కలో కలుపుకోకూడదు ఓబన్నా,
నిన్నెలా కలిపేది?"

రంగూన్ మీద బాంబులు పడ్డ ఏడు
మెట్లు కిర్రుమనేంత జనం.
ముప్ఫైఇద్దరు, పిల్లలు కాక.
ఆ ఏడు పుస్తకంలో ఒక్క పద్దూ లేదు.
ఎవరూ పోలేదు. మా ఇంట్లో పస్తులు.

తర్వాత
ఓడెక్కినవాళ్ళు ఓడెక్కారు,
అక్షరాలైనవాళ్ళు అక్షరాలయ్యారు.

మొర్దెకై దొర చెల్లెలు పోయింది. పేరు సిమ్హా.
కాగితం మీద వాళ్ళ లిపిలో రాసిచ్చారు.
కుడి నుంచి ఎడమకి నడవడం
తాత ఉలి అప్పటికే నేర్చింది,
చెవి మాత్రం తెలుగుచెవే.
సింహం అనుకున్నాడు.
ముచ్చటపడి రాయి నెత్తిన
చిన్న సింహాన్ని చెక్కాడు, జూలుతో సహా,
కూలి వేసుకోకుండా.

వాళ్ళ మాటలో ఆ పేరుకి సంతోషమని అర్థమట.
చెరిపేస్తానని తాత వంగాడు, చెవులదాకా ఎర్రబడి.
మొర్దెకై దొర చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ.
పిల్లిని చూస్తే మంచమెక్కేది మా చెల్లెలు.
దీన్ని కాపలా ఉండనీ."

ఆయన పోయిననాడు పదిమంది లేరు.
ఇద్దరు వాళ్ళవాళ్ళు,
ఇద్దరు మావాళ్ళు.
మోయడానికి సరిపోయింది.
చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు.
చివరి పుటలో తాత వంకరచేత్తో –
మొర్దెకై దొర, ఇరవైమూడు అక్షరాలు, బాకీ.

కుర్రాడు ఆ పుట ఫొటో తీసుకున్నాడు.
జేబు తడుముకుని, ఇప్పుడు ఇవ్వచ్చా అన్నాడు.
ఒద్దన్నాను. బాకీ ఉంటేనే కదా
ఎవరైనా మెట్లెక్కి అడిగేది.

కోతలో రాలిన నల్లరాతి ముక్క ఒకటి
అతని చేతిలో పెట్టాను,
సింహం దగ్గర ఉంచమని.
వాళ్ళ సమాధుల మీద పూలు పెట్టరట,
రాళ్ళు పెడతారట.

పూలవాళ్ళకి నష్టమే.
మావాళ్ళకి మర్యాద.